ట్రాక్ ఓటింగ్ పెడితే తిరిగి తిరిగి అవే నాలుగు ట్రాకులు: ఎంపిక పద్ధతి ఎలా ఉండాలి?

#1 – మూడోగేర్

మేం చేసిన ఆన్‌లైన్ రేసింగ్ గేమ్ ఇది: 12 మంది లాబీ (ఒక రేసుకి కలిసి చేరే ఆటగాళ్ళ గుంపు), 16 ట్రాకులు, ఒక్కో రేసు సుమారు రెండున్నర నిమిషాలు. ప్రతి రేసుకి ముందు రాండమ్‌గా 3 ట్రాకులు చూపించడం, 15 సెకన్లు ఓటింగ్, ఎక్కువ ఓట్లు పడ్డది ఖాయం. ఇదీ ఇప్పటి పద్ధతి. ఆటలోకి దిగాక చూస్తే నాలుగైదు ట్రాకులే తిరుగుతున్నాయి. రెండు మంచు ట్రాకులూ, పొడుగు కొండ ట్రాకూ దాదాపు రావు. ఓటింగ్ ఎత్తేసి పూర్తి రాండమ్ చేసేయాలా, మధ్యేమార్గం ఏదైనా ఉందా?

ట్రాకులే బాగోలేవని మాత్రం అనకండి. టైమ్ ట్రయల్‌లో (గడియారంతో ఒంటరి పోటీలో) ఇవే ట్రాకుల్ని జనం బాగానే ఆడుతున్నారు.

#2 – లెక్కలమాస్టారు

ట్రాకుల తప్పేం లేదు, ఈ పద్ధతిలో ఎవరు పెట్టినా ఇంతే అవుతుంది. లెక్క చూడండి.

16లోంచి 3 చొప్పున తీస్తే 560 రకాల మెనూలు (ఓటుకి చూపించే మూడేసి ట్రాకుల జాబితాలు) వస్తాయి. అందరి ఇష్టాలూ కొంచెం అటూఇటూగా ఒకే వరసలో ఉన్నాయనుకుందాం. ఒకటో నంబరు ట్రాక్ 105 మెనూల్లో ఉంటుంది, ఉన్న ప్రతిసారీ గెలుస్తుంది. అంటే 18.75%. రెండోది, ఒకటోది లేనప్పుడు మాత్రమే గెలుస్తుంది: 91 మెనూలు. తర్వాతివి 78, 66, 55. ఈ అయిదూ కలిపితే 395, అంటే 70% పైగా రేసులు అయిదు ట్రాకులకే పోయాయి. కింది సగం, ఎనిమిది ట్రాకులూ కలిపి 56 మెనూలు, సరిగ్గా 10%. 14వ నంబరుకి 560లో ఒక్కసారి దక్కుతుంది. 15, 16లకి సున్నా.

ఆ చివరి రెండూ చెడ్డవి కానక్కర్లేదు. మిగతా పద్నాలుగూ వాటికంటే రవ్వంత ఎక్కువ నచ్చితే చాలు, అవి ఇక రావు. ఎక్కువ ఓట్లకే గెలుపు అనే పద్ధతి ఆ రవ్వంత తేడాని అన్నీ-లేక-ఏమీలేదు చేసేస్తుంది.

#3 – సున్నాగ్రిప్

అయితే ఏమైంది? ఆడేవాళ్ళు అడిగిందే ఇస్తున్నాం. వాళ్ళకి వద్దన్న మంచు ట్రాకుని బలవంతంగా నోట్లో కుక్కడం దేనికి?

#4 – పాతలాబీ

సున్నాగ్రిప్ అన్నా, ఓటేసేవాడు వచ్చే ఒక్క రేసు గురించే ఓటేస్తాడు. వరసగా పది రేసులు ఎలా ఉండాలని వాణ్ణి ఎవరూ అడగలేదు. ప్రతిసారీ నచ్చినదే ఎంచుకుంటూ పోయినవాడే గంట తర్వాత "ఈ గేమ్‌లో ట్రాకులు తక్కువ" అని రివ్యూ రాస్తాడు. రెండూ నిజాయితీగానే చేస్తాడు.

జనం నిజంగా ఏం కోరుకుంటున్నారో ఓట్ల లెక్కలో ఎప్పుడూ కనబడదు కూడా. 2025లో వచ్చిన నింటెండో రేసింగ్ గేమ్ మారియో కార్ట్ వరల్డ్ చూడండి, ఆన్‌లైన్‌లో 24 మంది. మెనూలో ఎక్కువగా ఒక కోర్సు (అంటే ట్రాక్) నుంచి ఇంకో కోర్సుకి వెళ్ళే దారి రేసులే వచ్చేవి. పాతకాలం మూడు ల్యాపుల (ఒకే ట్రాక్ చుట్టూ మూడు చుట్లు) రేసు కావాల్సినవాళ్ళు "రాండమ్" నొక్కితే అది దొరుకుతుందని కనిపెట్టారు. దాంతో రాండమ్ అన్నదే మూడు ల్యాపులకి ఓటైపోయింది. నింటెండో మొదట ఆ సందు మూసింది, అంటే రాండమ్ నొక్కినా ల్యాప్ రేసులు తక్కువగా వచ్చేట్టు మార్చింది. గోల మొదలైంది. తర్వాతి అప్‌డేట్‌లో ల్యాప్ కోర్సులు మెనూలోనే ఎక్కువగా కనబడేట్టు చేశారు.

జనం సందు వెతుకుతున్నారంటే మెనూలో ఏదో లేదని అర్థం. సరిచేయాల్సింది మెనూని.

#5 – లెక్కలమాస్టారు

పూర్తి రాండమ్ గురించి అడిగారు కదా, అదీ చూద్దాం. 16 ట్రాకులు, ఒకసారి కూర్చుంటే 8 రేసులు. ఏదో ఒక ట్రాక్ కనీసం రెండుసార్లు రావడానికి అవకాశం 88%. వెంటవెంటనే అదే ట్రాక్ రెండుసార్లు పడటానికి 36%. మొత్తం 16 ట్రాకులూ ఒక్కసారైనా చూడాలంటే సగటున 54 రేసులు ఆడాలి. రేసుకీ రేసుకీ మధ్య ఒక నిమిషం వేసుకుంటే మూడు గంటల పైమాటే. "మీ రాండమ్ పాడైంది" అని ఫిర్యాదులు వచ్చేది ఇక్కడే. రాండమ్ బాగానే పని చేస్తోంది, బాధ కూడా అదే.

ట్రాకులు చాలా ఉంటే ఇది సమస్య కాదు. మారియో కార్ట్ 8 డీలక్స్ 48 కోర్సులతో మొదలై, 2022 మార్చి నుంచి 2023 నవంబరు దాకా ఆరు విడతల్లో ఎనిమిదేసి కలుపుకుని 96కి చేరింది. 96 ఉంటే అదే 8 రేసుల్లో రిపీట్ అవకాశం సుమారు 26%. దాని పద్ధతిని 16 ట్రాకుల గేమ్ గుడ్డిగా కాపీ కొట్టకూడదు.

#6 – పాతలాబీ

మారియో కార్ట్ పద్ధతిలో తీసుకోదగ్గది ఒకటుంది: రౌలెట్, అంటే తిరిగే చక్రం లాంటి లాటరీ. మారియో కార్ట్ వీ (2008) కాలం నుంచే ఉంది. ఓట్లు లెక్కపెట్టి పెద్దదాన్ని గెలిపించరు, 12 మంది వేసిన 12 ఓట్లలోంచి ఒకటి లాగుతారు. ఏడుగురు ఒకే ట్రాక్ కోరితే దానికి 58% అవకాశం, 100% కాదు.

మాస్టారి లెక్కలోకే దీన్ని తెద్దాం. మెనూలోని మూడింటికీ ఓట్లు 60-30-10గా పడ్డాయనుకోండి. ఒకటో నంబరు ట్రాక్ 11.25% రేసుల్లో వస్తుంది, 16వ నంబరు 1.9% దగ్గర. ఇంకా ఆరు రెట్లు తేడా ఉంది, నిజమే. కానీ సున్నా అయితే లేదు.

చికాకు ఒకటుంది. 11 మంది ఒకటి కోరి, ఒక్కడు ఇంకోటి కోరితే ఆ ఒక్కడిది గెలిచే అవకాశం 8%. అది జరిగినప్పుడు లాబీ అంతా వాడి మీద పడుతుంది. 12 మందిలో రెండు ఓట్లయినా పడని ట్రాకుని రౌలెట్‌లోంచి తీసేయండి. అందరూ చెదిరిపోయి దేనికీ రెండు రాకపోతే ఆ నియమం పక్కన పెట్టాలి. ఇది కోడ్‌లో మర్చిపోతే ఇద్దరే ఉన్న లాబీలో రౌలెట్ ఖాళీగా తిరుగుతుంది.

#7 – కోడ్‌కోతి

నా ఓటు సంచి పద్ధతికి. 16 ట్రాకుల్నీ పేకముక్కల్లా కలిపి, వరసగా తీస్తూ పోవాలి, అయిపోయాక మళ్ళీ కలపాలి. టెట్రిస్‌లో ఏడు ముక్కలూ ఇలాగే వస్తాయి. చేసేటప్పుడు జరిగే పొరపాట్లు ఇవీ:

కలపడం ఫిషర్-యేట్స్ అనే పద్ధతితోనే చెయ్యండి. చివరి స్థానం నుంచి మొదలుపెట్టి, ప్రతి స్థానాన్నీ, అదీ దాని ముందున్నవీ కలిపి వాటిలోంచి రాండమ్‌గా తీసిన ఒకదానితో మార్చాలి. చాలామంది ప్రతి స్థానాన్నీ మొత్తం లిస్టులో దేనితోనైనా మార్చేస్తారు. మూడు ట్రాకులకే చూడండి, అలా చేస్తే 27 సమాన దారులు వస్తాయి, వరసలేమో 6. 27ని 6 భాగించదు, కాబట్టి కొన్ని వరసలు ఎక్కువసార్లు రాక తప్పదు.

రెండోది సంచి సరిహద్దు. పాత సంచిలో చివరిది, కొత్త సంచిలో మొదటిది ఒకటే అయ్యే అవకాశం 16లో ఒకటి. పాత సంచిలోని చివరి 4 ట్రాకులు కొత్త సంచిలోని మొదటి 4 స్థానాల్లో ఉంటే వాటిని వెనక సగంలోకి తోసేయండి, సరిపోతుంది.

మూడోది, ట్రాకులు తక్కువైతే సంచి పని చెయ్యదు. 6 ట్రాకుల గేమ్‌లో నాలుగయ్యాక మిగతా రెండూ ఏవో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. అప్పుడు వయసు లెక్క మేలు: ఒక ట్రాక్ ఆడి ఎన్ని రేసులైందో దాన్ని మొత్తం ట్రాకుల సంఖ్యతో భాగించి, వర్గం చేసి, ఒకటి దాటకుండా చూసి, దాన్నే ఆ ట్రాక్ బరువుగా తీసుకోవాలి (బరువు ఎంత ఎక్కువైతే వచ్చే అవకాశం అంత ఎక్కువ). 16 ట్రాకులకి అయితే ఇప్పుడే ఆడినదానికి 256లో ఒకటి, 4 రేసుల కిందటిదానికి 16లో ఒకటి, 8 రేసులదానికి నాలుగో వంతు. రిపీట్ పూర్తిగా నిషేధం కాదు కాబట్టి ఎవరూ ముందే ఊహించలేరు.

#8 – మూడోగేర్

సంచిలోంచి మూడు తీసి ఓటింగ్ పెడితే? ఓడిన రెండిటినీ ఏం చెయ్యాలి?

#9 – కోడ్‌కోతి

అసలు చిక్కు అక్కడే ఉంది. ఓడినవాటిని సంచిలోకి తిరిగి వేస్తే, నచ్చినవన్నీ ముందే ఖర్చయిపోయి అడుగున నచ్చనివి పేరుకుంటాయి. 11, 12 రేసులు దాటాక మెనూలో మంచు, మంచు, కొండ. తర్వాత రేసులో మళ్ళీ అవే. జనం లాబీ వదిలేది అప్పుడే. ఓటింగ్ ఉన్న సంచికి ఈ అడుగుమడ్డి తప్పదు.

ఓడినవాటిని పారేస్తే అందరికీ ఇష్టమైనవే మిగిలి మళ్ళీ మొదటికొస్తాం.

దీనికి నాకు తెలిసి పనికొచ్చే మార్గం ఓటునీ సంచినీ వేరు చెయ్యడం. ఒక రేసు ఓటుతో, తర్వాతది సంచిలోంచి నేరుగా, ఓటు లేకుండా. ఓటు రేసులో గెలిచిన ట్రాకుని సంచిలోంచి కూడా తీసేయాలి. మెనూలో రెండుసార్లు ఓడిన ట్రాకుని సంచిలో ముందుకు జరపాలి. అప్పుడు నచ్చని ట్రాక్ వస్తుంది, కానీ దాని తర్వాత తప్పకుండా ఓటు రేసు ఉంటుంది. జనం లేచి వెళ్ళకుండా ఆపేది ఆ హామీయే. "తర్వాత: ఓటింగ్" అని స్క్రీన్ మీద రాయండి, ఊరికే కోడ్‌లో ఉంటే లాభం లేదు.

#10 – సున్నాగ్రిప్

ఇది ఒప్పుకుంటా. బలవంతం అని కోపం వచ్చేది అది ఎంతసేపో తెలియనప్పుడే.

#11 – తారురోడ్డు

అందరూ ట్రాకుల పేర్లే లెక్కపెడుతున్నారు. ఆడేవాడికి పేర్లు కాదు, చేతికి తగిలే తేడా ముఖ్యం. రెండు తారు ట్రాకులు, రెండూ పగలు, రెండూ వెడల్పు, మూడేసి హెయిర్‌పిన్‌లు (వెనక్కి తిరిగే ఇరుకు మలుపులు). వెంటవెంట వస్తే సంచి ప్రకారం వైవిధ్యమే, ఆటగాడికి మాత్రం అదే ట్రాక్ రంగు మార్చినట్టు.

ప్రతి ట్రాకుకీ నాలుగు గుర్తులు పెట్టండి: నేల (తారు, మట్టి, మంచు, ఇసుక), తీరు (వేగం, మెలికలు, ఎగుడుదిగుడు), నిడివి, వెలుగు. రెండు ట్రాకుల మధ్య తేడాకి మార్కులు: నేల వేరైతే 3, తీరు వేరైతే 2, నిడివి వేరైతే 1, వెలుగు వేరైతే 1. గరిష్ఠం 7. మెనూలోని మూడూ ఒకదానికొకటి కనీసం 3 దూరంలో, కిందటి రేసుకి కూడా కనీసం 3 దూరంలో ఉండాలని నియమం. వెలుగుకి ఒకటే మార్కు ఎందుకంటే రాత్రి పూట తారు ట్రాక్ చూడ్డానికి వేరు, స్టీరింగ్‌కి అదే.

షార్ట్‌కట్‌లు ఎక్కువున్న ట్రాకుల్ని విడిగా గుర్తు పెట్టుకోవాలి. దారి తెలిసినవాడు రెండు సెకన్లు కొట్టేసే ట్రాకులు వరసగా రెండు వస్తే కొత్తవాళ్ళు నిలవరు.

#12 – కోడ్‌కోతి

తారురోడ్డు గారి నియమానికి ఒక హెచ్చరిక. "సరిపడేదాకా మళ్ళీ మళ్ళీ తియ్యి" అని హద్దు లేని లూప్ రాయకండి. సంచిలో నాలుగే మిగిలి, నాలుగూ తారు అయితే సర్వర్ అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది, లాబీ మొత్తం గడ్డకడుతుంది. 20 ప్రయత్నాలు చెయ్యండి, దొరక్కపోతే వాటిలో ఎక్కువ మార్కులొచ్చినదాన్ని తీసుకోండి. లేదా షరతుని 3 నుంచి 2కి, 2 నుంచి 1కి దించుకుంటూ రండి. దించిన ప్రతిసారీ లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) ఒక లైన్ పడాలి. అది తరచు పడుతోందంటే మీ ట్రాకుల్లో తారు ఎక్కువైందని డిజైన్ టీమ్‌కి చూపించొచ్చు.

#13 – తారురోడ్డు

నిడివి సంగతి కూడా చెప్పేస్తా. పొడుగు కొండ ట్రాక్‌కి ఓట్లు పడకపోవడానికి చాలాసార్లు కారణం గడియారమే. అన్ని ట్రాకులకీ మూడు ల్యాపులు అని పెడితే 38 సెకన్ల ట్రాక్ రెండు నిమిషాల్లోపు అవుతుంది, 80 సెకన్లది నాలుగు నిమిషాలు. చివరి స్థానంలో ఉన్నవాడికి ఆ నాలుగో నిమిషం నరకం.

ల్యాపుల సంఖ్య ట్రాకుని బట్టి ఉండాలి. లక్ష్యం 150 సెకన్లు అనుకుంటే 38 సెకన్లదానికి 4 ల్యాపులు (152), 62 సెకన్లదానికి 2 (124), 80 సెకన్లదానికి 2 (160). ఈ ల్యాప్ సమయం డెవలపర్ కొట్టిన రికార్డు కాకూడదు, మామూలు ఆటగాళ్ళ మధ్యరకం సమయం తీసుకోవాలి. 100 సెకన్ల ట్రాక్ వస్తే ఇరకాటం: ఒకటైతే తక్కువ, రెండైతే ఎక్కువ. దాన్ని ల్యాపులు లేని, ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్ళే రేసుగా మార్చి, ఇంకో 40-50 సెకన్ల దారి కలపడం నయం.

#14 – బ్రేక్‌లేటు

మంచు ట్రాకులకి ఓట్లు ఎందుకు పడవో ఎవరూ అడగలేదు. మూడోగేర్ గారూ, స్టార్ట్ లైన్ నుంచి మొదటి మలుపు ఎంత దూరం?

#15 – మూడోగేర్

ఒకదానికి 110 మీటర్లు, రెండోదానికి 140. తారు ట్రాకులకి కూడా సుమారు అంతే.

#16 – బ్రేక్‌లేటు

ఓట్లు పడకపోవడానికి కారణం దొరికింది.

ఆర్కేడ్ గేముల్లో మంచు మీద వేగం పుంజుకోవడం పెద్దగా తగ్గించరు, స్టార్ట్ బూస్ట్ (మొదట్లో దొరికే అదనపు ఊపు) కూడా అలాగే ఉంచుతారు. టైర్ పట్టు మాత్రం తగ్గిస్తారు. గంటకి 120 కి.మీ. వేగం అంటే సెకనుకి 33 మీటర్లు. ఘర్షణ 0.9 ఉన్న తారు మీద పూర్తిగా ఆగడానికి 63 మీటర్లు కావాలి. 0.3 ఉన్న మంచు మీద 189 మీటర్లు. మలుపుకి పూర్తిగా ఆగక్కర్లేదు, నిజమే. కానీ 110 మీటర్లలో ముందు వేగం పుంజుకుని, మళ్ళీ తగ్గించుకుని, పైగా 12 మంది ఒకే గీత మీదికి రావాలి. ముందు ముగ్గురు దాటిపోతారు, మిగతా తొమ్మిది మందీ గోడకి. టైమ్ ట్రయల్‌లో ఈ ట్రాకులు బాగున్నాయని మీరే అన్నారు, అక్కడ గుద్దడానికి ఎవరూ ఉండరు.

నిజమైన సర్క్యూట్లకి ఎఫ్‌ఐఏ (కారు రేసుల అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు స్టార్ట్ లైన్ నుంచి మొదటి మలుపుకి కనీసం 250 మీటర్లు ఉంటే మంచిదంటాయి. కొత్త ట్రాకులు కనీసం 12 మీటర్ల వెడల్పు, గ్రిడ్ (రేసు మొదట్లో కార్లు నిలబడే చోటు) దగ్గర 15. ఫార్ములా వన్ గ్రిడ్‌లో ఒక కారుకీ తర్వాతి కారుకీ 8 మీటర్లు. గేమ్‌కి ఇవి అక్షరాలా అక్కర్లేదు, అయినా 12 మందిని ఒకేసారి వదిలి 110 మీటర్లకి లంబకోణపు మలుపు పెట్టడం మరీ అన్యాయం.

మలుపు కదపకుండా చెయ్యగలిగేవి: గ్రిడ్‌ని వెనక్కి జరపండి, ఫినిష్ లైన్ ఉన్నచోటే ఉండనివ్వండి, రెండూ ఒకేచోట ఉండాలని ఎక్కడా లేదు. మలుపు బయటి అంచున గోడ తీసేసి 15 మీటర్ల మెత్తటి మంచు మేట పెట్టండి: వేగం పోవాలి, కారు ఆగిపోకూడదు. మొదటి 5 సెకన్లు కార్ల మధ్య ఢీ బలాన్ని సగానికి తగ్గించండి. తర్వాత లాగ్‌లో మొదటి 10 సెకన్లలో ఎన్ని ఢీలు పడ్డాయో అన్ని ట్రాకులకీ పక్కపక్కన పెట్టి చూడండి. ఓటింగ్‌ని ముట్టుకోవడానికి ముందే ఇది చెయ్యాలి.

#17 – లెక్కలమాస్టారు

లాగ్ మాట వచ్చింది కాబట్టి: ఒక ట్రాకుకి ఎన్ని ఓట్లు పడ్డాయన్న సంఖ్య ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. మెనూలో ఎన్నిసార్లు కనబడిందో, అప్పుడు లాబీలో ఎంతమంది ఉన్నారో దాంతో భాగించాలి. పక్కన ఏ ట్రాకులున్నాయో కూడా రాసుకోండి. గట్టి పోటీ మధ్య పడ్డ ట్రాక్ ఊరికే బలహీనంగా కనిపిస్తుంది. మెనూలో ఏ స్థానంలో ఉందో అదీ ఉండాలి, ఎందుకంటే కర్సర్ ముందే నిలబడి ఉన్నదానికి చూడకుండా బటన్ నొక్కే ఓట్లు కొన్ని పడతాయి. కర్సర్‌ని దేని మీదా పెట్టకుండా మొదలుపెడితే ఆ బెడద పోతుంది.

ఓటు కంటే గట్టి సాక్ష్యం ఇంకోటుంది: ట్రాక్ ఖాయమైన క్షణానికీ రేసు మొదలవడానికీ మధ్య ఎంతమంది లాబీ వదిలారు. లోడింగ్‌లో తెగిపోయినవాళ్ళని విడిగా లెక్కపెట్టండి, లేకపోతే లోడ్ అవడానికి ఎక్కువసేపు పట్టే ట్రాక్ అంటే జనానికి పడదని పొరబడతారు.

#18 – పాతలాబీ

లాబీ చరిత్ర ఒక్కటే సరిపోదు, ఆటగాడి చరిత్ర కూడా కావాలి. ఒకడు వేరే లాబీలో ఇప్పుడే ఎడారి ట్రాక్ ఆడి ఇక్కడికొస్తాడు, ఈ లాబీ సంచికి అది తెలియదు, మళ్ళీ ఎడారే. ప్రతి ఆటగాడి చివరి 5 ట్రాకులు ప్రొఫైల్‌లో పెట్టండి. లాబీలో ఎంత భాగం మంది ఒక ట్రాకుని ఇటీవల ఆడారో దాన్ని 0.8తో గుణించి ఒకటిలోంచి తీసేస్తే ఆ ట్రాక్ బరువు. 12లో 9 మంది ఆడి ఉంటే 0.4. జనం లాబీలు మారే గేముల్లో సంచి కంటే ఇదే ముఖ్యం.

గుంపుగా వచ్చేవాళ్ళు నలుగురు కలిసి ఓటేస్తే 12లో మూడో వంతు వాళ్ళదే. రౌలెట్‌లో దాన్ని వదిలేయొచ్చు. ఎక్కువ ఓట్ల పద్ధతిలో మాత్రం లాబీ వాళ్ళ చేతిలో పడినట్టే.

#19 – సున్నాగ్రిప్

ర్యాంక్డ్‌కి (గెలుపోటములని బట్టి ర్యాంకు మారే పోటీలకి) కూడా ఇదేనా? అక్కడ సాధన చెయ్యాలంటే ఏ ట్రాక్ వస్తుందో ముందే తెలియాలి కదా.

#20 – బ్రేక్‌లేటు

ర్యాంక్డ్‌కి ఓటింగే వద్దు, క్యాలెండర్ పెట్టండి. ఐరేసింగ్ అనే ఆన్‌లైన్ రేసింగ్ గేమ్‌లో సీజన్ 12 వారాలు, సిరీస్‌కి వారానికో ట్రాక్, ముందే ప్రకటిస్తారు. గ్రాన్ టురిస్మో 7లో పేరుకి డైలీ రేసులే గానీ మారేది వారానికోసారి, మూడు ఉంటాయి, మూడిటికీ మూడు ట్రాకులు. 2020 నాటి ట్రాక్‌మేనియా రెండూ కలిపింది: మూడు నెలలకోసారి 25 ట్రాకుల కొత్త సెట్, దానికి తోడు ఆటగాళ్ళు చేసిన ట్రాకుల్లోంచి రోజుకొకటి. ఆ రోజు ట్రాక్ మీద కప్పుకి 15 నిమిషాల క్వాలిఫయింగ్, ఆ తర్వాత 64 మంది చొప్పున నాకౌట్. కొత్త ట్రాక్ చూడగానే ఎంత త్వరగా పట్టుకుంటావన్నదే అక్కడ పరీక్ష.

క్యాలెండర్‌తో వచ్చే నష్టం: జనానికి నచ్చని ట్రాక్ వారంలో మ్యాచ్‌మేకింగ్ (ఆటగాళ్ళని జత చేసే వరస) ఖాళీ. ఐరేసింగ్‌లో సీజన్ పాల్గొన్నందుకు ఇచ్చే క్రెడిట్‌కి 12లో 8 వారాలు ఆడితే చాలు, నాలుగు వారాలు వదిలేయొచ్చు. ఆ సడలింపు తెలివైనది. చిన్న గేమ్ అయితే ఒక వారానికి ఒకటి కాకుండా, తేడా మార్కులు ఎక్కువున్న మూడు ట్రాకుల సెట్ పెట్టండి.

ఇద్దరి మధ్య మ్యాచ్‌కి నిషేధాల పద్ధతి బాగుంటుంది. 7 ట్రాకులు, ఒకరి తర్వాత ఒకరు ఒక్కోటి తీసేస్తారు, తర్వాత ఒక్కోటి ఎంచుకుంటారు, మళ్ళీ ఒక్కోటి తీసేస్తారు, మిగిలింది నిర్ణాయక రేసు. కౌంటర్-స్ట్రైక్ అనే షూటింగ్ గేమ్ మూడు మ్యాపుల పోటీల్లో వాడేది ఇదే. 12 మందికి మాత్రం వద్దు, నిషేధాలకే రేసంత సమయం పడుతుంది.

కారు ఎంపిక ట్రాక్ తెలిశాక ఉందా, తెలియకముందా అన్నది కూడా నిర్ణయించుకోండి. తెలిశాక అయితే ప్రతి ట్రాకుకీ ఒకే "ఉత్తమ కారు" తేలి, ట్రాకులు మారినా గ్రిడ్ అంతా ఒకే బండి. ముందే ఎంచుకోవాలంటే వరసగా 4 రేసులకి ఒకే కారు అనే నియమం చక్కగా కుదురుతుంది, అప్పుడు వైవిధ్యానికి విలువ వస్తుంది.

#21 – మూడోగేర్

కొత్త ట్రాకులు చేసే స్తోమత ఇప్పుడు లేదు. అద్దం తిప్పిన ట్రాకులు, ఎదురు దిశ ట్రాకులు కలిపి 16ని 48 చేస్తే మోసమా?

#22 – తారురోడ్డు

ఎదురు దిశ మోసం కాదు, కానీ చవక కూడా కాదు. కారు ఎగిరి దూకే ర్యాంపులన్నీ ఒక వైపుకే ఉంటాయి. చెక్‌పాయింట్ల వరస, బాట్లు (కంప్యూటర్ నడిపే కార్లు) వెళ్ళే గీత, తిరిగి నిలబెట్టే చోట్లు, మలుపు బాణాలు, గోడల చివరలు అన్నీ మళ్ళీ చూడాలి. దిగుడులో ఉన్న హెయిర్‌పిన్ ఎగుడు అవుతుంది, అది పూర్తిగా కొత్త మలుపు. 16లో 5-6 మాత్రమే ఎదురు దిశకి పనికొస్తాయనుకోండి, వాటినే చెయ్యండి.

అద్దం చవక, తేడా తక్కువ. పాత ఆటగాళ్ళకి చేతులు తడబడతాయి, కొత్తవాళ్ళకి అసలు తెలియదు. సంచిలో దీన్ని వేరే ట్రాకుగా లెక్కపెట్టకండి, అదే ట్రాక్ వయసుకి జత చెయ్యండి.

#23 – కోడ్‌కోతి

అద్దానికి ట్రాక్ మోడల్‌ని మైనస్ ఒకటితో స్కేల్ చెయ్యొద్దు. ఫిజిక్స్ కొలైడర్లూ (ఢీలని పట్టే కనబడని ఆకారాలు), నార్మల్ మ్యాపులూ (వెలుగు పడే తీరు చెప్పే బొమ్మలు) తేడా కొడతాయి, ఒక్కోచోట నేల లోపలికి కారు జారిపోతుంది. లోకాన్ని కదపకుండా కెమెరా ప్రొజెక్షన్‌ని అడ్డంగా తిప్పండి. అలా తిప్పితే త్రిభుజాల ముందు వెనక తారుమారవుతుంది కాబట్టి కల్లింగ్ (వెనక వైపుల్ని గీయకుండా వదిలేయడం) కూడా తిప్పాలి, లేదంటే కార్ల లోపలి భాగాలు బయటికి కనిపిస్తాయి. ఇంకో మూడు పనులున్నాయి: స్టీరింగ్ ఇన్‌పుట్ తలకిందులు, ధ్వనిలో కుడి ఎడమ మార్పు, బోర్డుల మీది అక్షరాలకి ముందే తిప్పిన టెక్స్చర్. స్కోర్లూ వేగం చూపించే తెర విడిగా గీయాలి, అది తిరగకూడదు. సర్వర్‌కి ఇదంతా అనవసరం, దానికి మామూలు ట్రాకే.

#24 – మూడోగేర్

రౌలెట్ పెట్టి చూశా. కొందరి స్క్రీన్ మీద ముల్లు ఒక ట్రాక్ దగ్గర ఆగి, లోడ్ అయ్యేది ఇంకోటి. ఎందుకు?

#25 – కోడ్‌కోతి

ప్రతి క్లయింటూ (ఆటగాడి దగ్గర నడిచే గేమ్) తనంతట తాను ముల్లుని తిప్పి, ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తుందో) ప్రకారం ఆపుతోంది. ఓటింగ్ ముగిసిన క్షణంలో సర్వర్ ఫలితం తేల్చేయాలి, దాంతోపాటు రౌలెట్‌లో ఉన్న ఓట్ల వరసని కూడా పంపాలి. క్లయింట్ చెయ్యాల్సింది ఆ గడి దగ్గర ఆగేట్టు వెనక్కి లెక్కేసుకుని యానిమేషన్ నడపడమే. ఆలస్యంగా చేరిన ఓటుని సర్వర్ కొట్టేసినా ఆ ఆటగాడి తెర మీద అది రౌలెట్‌లోనే ఉంటుంది, మీ తేడాలో సగం దానివల్లే అయ్యుండొచ్చు. గడువు 15 సెకన్లు చూపించి, సర్వర్‌లో 15.5 దాకా తీసుకోండి. ఆ ముల్లు తిరిగే 3 సెకన్లలోనే ట్రాక్ లోడింగ్ మొదలుపెట్టండి, ఫలితం ఎలాగూ చేతిలో ఉంది.